పసివాడి బరువు - వీడియో ఆటల్లో వాత్సల్యం

భరతుడు చెప్పిన రసాలు ఎనిమిది. వాటిలో వాత్సల్యం లేదు. తరవాతివాళ్లు శాంతాన్ని చేర్చుకున్నారు గాని, పసిపిల్లల మీద పెద్దలకుండే ప్రేమకు రసపంక్తిలో పీట వెయ్యటానికి చాలాకాలం సందేహించారు. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వత్సలాన్ని రసమని ఒప్పుకునేదాకా అది చాలామందికి భావంగానే మిగిలింది. ఎందుకింత ఆలస్యమైందన్న ప్రశ్నకు నాకు తోచే సమాధానం ఒకటి ఉంది. వీరానికి నాయకుడు యుద్ధం చేస్తే చాలు, ప్రేక్షకుడు చూస్తాడు. పసిపిల్లను ప్రేమించటంలో చూడటం తక్కువ, చెయ్యటం ఎక్కువ. నీళ్లు పొయ్యాలి, అన్నం పెట్టాలి, రాత్రి ఏడిస్తే లేచి ఎత్తుకోవాలి. ఆ చాకిరీ ఎవరు చేస్తున్నారో వారికే ఆ ప్రేమ లోతు తెలుస్తుంది. నాటకం ముందు కూర్చున్న సహృదయుడికి ఆ చాకిరీలో వాటా లేదు. శాస్త్రం రాసిన పండితుడికి ఇంట్లో కూడా ఉండి ఉండదు.

ఆ చాకిరీలో ఎంతోకొంత వాటా ఇచ్చే కళారూపం ఒకటి మన కాలంలో వచ్చింది. అది వీడియో ఆట. ఈ పత్రికలో దాని మాట ఎత్తటం కొందరికి వింతగా ఉండవచ్చు. పిల్లల్ని చెడగొట్టే వ్యాపారమని ఒక్క వాక్యంలో కొట్టిపారెయ్యటం మనకు అలవాటు. వ్యాపారమన్న మాట నిజమే. సినిమా కూడా వ్యాపారమే, అయినా దాన్ని గురించి మనం యాభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి పిల్లలు కథలు వింటున్నది అమ్మమ్మల దగ్గరా కాదు, గ్రంథాలయంలోనూ కాదు. వాళ్లకు దుఃఖం ఎక్కడ పరిచయమవుతున్నదో తెలుసుకోవటం తెలుగు పంతులుకూ అవసరమే, రచయితకూ అవసరమే. ఇక్కడ ప్రస్తావించే ఆటల్లో కొన్నింటిని మా మేనల్లుడు పక్కన కూర్చుని బొత్తాలు చూపిస్తే నేనే ఆడాను. కొన్నింటిని వేరేవాళ్లు ఆడి యూట్యూబులో పెట్టగా చూశాను. ఆడటానికీ చూడటానికీ మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసానికి మూలం.

నేను తీసుకున్న విషయం చిన్నది. ఆటల్లో వచ్చే పసిపాత్రల మీద ఆడేవాడి భావం మొదట ఎలా ఉంటుంది, ఎక్కడ మారుతుంది, ఎందుకు మారుతుంది? ఇదే ప్రశ్న.

మొదట్లో ఉండేది విసుగు. ఇది దాచిపెట్టవలసిన సంగతేమీ కాదు. ఆటలో మనిషికి ఒక గమ్యం ఉంటుంది. అక్కడికి పోవాలి, శత్రువును దాటాలి, తలుపు తెరవాలి. ఇంతలో ఒక బలహీనుడిని వెంటబెట్టుకుని క్షేమంగా దిగబెట్టి రమ్మంటుంది ఆట. ఆ బలహీనుడు అడ్డం వస్తాడు, వెనకబడతాడు, సరిగ్గా తుపాకి పేలే చోటికే పరుగెత్తుతాడు. ఆటలాడేవాళ్లందరికీ ఈ 'తోడు వెళ్లే' ఘట్టాలంటే చిరాకు. పసివాడు ఇక్కడ పాత్ర కాదు, సామాను. బస్సులో పెట్టె మీద ఉండే ధ్యాసే అతని మీదా ఉంటుంది.

జపానుకు చెందిన ఫుమితో ఉయెదా 2001లో చేసిన 'ఇకో' ఈ సామానును మనిషిగా మార్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. కొమ్ములతో పుట్టాడన్న నేరానికి ఊరివాళ్లు ఒక కుర్రవాడిని పాడుపడ్డ కోటలో వదిలేస్తారు. అక్కడ బందీగా ఉన్న ఒక అమ్మాయిని అతను బయటికి తీసుకుపోవాలి. ఇద్దరి భాషలూ వేరు. చెయ్యి పట్టుకోవాలంటే ఆడేవాడు ఒక బొత్తాన్ని నొక్కాలి, నొక్కి ఉంచాలి. వేలు తీస్తే ఆ అమ్మాయి చెయ్యి జారిపోతుంది. ఇంతే శిల్పం. కాని గంటల తరబడి వేలు నొప్పెట్టేలా నొక్కిన తరవాత ఆ బొత్తం బొత్తంలా ఉండదు. వర్ణన లేదు, సంభాషణ లేదు, చేసిన పనిలోంచి మమత పుట్టింది. శ్రమలోంచి చైతన్యం పుడుతుందని మనం వేదికల మీద చెబుతూ వస్తున్నాం. అది ఒక వేలి కొస మీద రుజువు కావటం నాకు ముచ్చట వేసింది.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికా ఆటల్లో ఉంది. 1997లో వచ్చిన 'ఫాలౌట్'లోనూ, మరుసటి ఏడు వచ్చిన రెండో భాగంలోనూ అణుయుద్ధం తరవాతి ప్రపంచంలో పిల్లలు కూడా తిరుగుతుంటారు. వాళ్లను చంపటం సాధ్యమే. చంపితే పిల్లల హంతకుడన్న పేరు పడుతుంది, ఆ పేరు వెంటాడుతుంది. యూరపులో అమ్మకానికి పెట్టిన ప్రతుల్లో గొడవ ఎందుకని పిల్లల బొమ్మల్నే తీసేశారు. 2008 నాటి మూడో భాగంలో తయారీదారులు మరో మార్గం తొక్కారు. పిల్లలకు చావు లేకుండా చేశారు. ఎంత కాల్చినా వాళ్లకేమీ కాదు. 2011లో వచ్చిన 'స్కైరిమ్'లోనూ ఇదే పద్ధతి. పిల్లల మీద దయతోనే ఈ ఏర్పాటు జరిగిందనుకుందాం. ఫలితం తలకిందులైంది. ఆ పిల్లలు పెద్దల్ని వెక్కిరిస్తారు, ఎదురు మాట్లాడతారు, వాళ్లకు ఏ అపాయమూ లేదు. ఆడేవాళ్లలో కొందరికి వాళ్ల మీద ఎంత కక్ష పుట్టిందంటే, ఆటలోని నియమాన్ని మార్చి ఆ పిల్లల్ని చంపదగినవాళ్లుగా చేసే ప్రోగ్రాములు సొంతంగా రాసుకున్నారు.

దీన్ని చూసి యువతరం క్రూరమైపోయిందని తీర్పు చెప్పటం తేలిక. నాకు కనిపించేది వేరు. చావులేని పిల్లవాడు దేవుడైనా అయివుండాలి, గోడైనా అయివుండాలి. రెండింటితోనూ వాత్సల్యం కుదరదు. ఈ రహస్యం మన భాగవతకారుడికి తెలుసు. నోట్లో బ్రహ్మాండాన్ని చూసిన యశోద ఆ చూసిన సంగతిని మరిచిపోవాలి. మరిచిపోతే తప్ప ఆమె అతన్ని ఒళ్లో కూర్చోపెట్టుకోలేదు, రోటికి కట్టలేదు. దెబ్బ తగలదని తెలిసిన బిడ్డకు తల్లి అక్కర లేదు. స్కైరిమ్ పిల్లలకు తల్లి అక్కర లేకుండా చేశారు. అంతటితో ప్రేమ కూడా పోయింది.

2007లో వచ్చిన 'బయోషాక్' సంగతి మన పాఠకులకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. సముద్రం అడుగున రాప్చర్ అనే నగరం. దాన్ని కట్టిన ఆండ్రూ ర్యాన్ ప్రభుత్వమూ, దానధర్మాలూ, సమష్టి బాధ్యతా ఏవీ ఉండకూడదన్న కోటీశ్వరుడు. అయన్ రాండ్ ప్రబోధించిన స్వార్థ తత్వానికి ఈ నగరం ఒక ఎత్తిపొడుపు. ఆటలో అడుగు పెట్టేసరికి ఆ స్వర్గం కుళ్లిపోయి ఉంటుంది. అక్కడి ప్రాణాధారం ఆడమ్ అనే ద్రవ్యం. దాన్ని చిన్నచిన్న ఆడపిల్లల కడుపుల్లో పెంచుతారు. ఆ పిల్లలు శవాల నుంచి దాన్ని పీల్చుకుంటూ తిరుగుతుంటారు. ఆడేవాడి చేతికి ఒక పాప చిక్కినప్పుడు రెండు దారులుంటాయి. చంపి తీసుకుంటే 160 పాళ్ల ఆడమ్ వస్తుంది, నయంచేసి వదిలిపెడితే 80.

సగానికి సగం నష్టం. ఇక్కడిదాకా గొప్ప నీతిపరీక్షే. కాని కథ ఇంకా ఉంది. ముగ్గురు పిల్లల్ని కాపాడినప్పుడల్లా ఒక బహుమానం వస్తుంది, అందులో 200 పాళ్ల ఆడమ్. మరోచోట దొరకని శక్తులు కూడా వాటితో వస్తాయి. లెక్క కట్టండి. ముగ్గురిని చంపితే 480, ముగ్గురిని కాపాడితే 240కి 200 కలిపి 440. తేడా 40. దయ చూపినవాడికి దుకాణదారు కొద్దిపాటి తరుగు తీసి, నష్టం లేకుండా చూశాడు. స్వార్థ తత్వాన్ని వెక్కిరించటానికి పుట్టిన ఆట తన లోపలి లెక్కల పుస్తకంలో దానికే లొంగిపోయింది. ఆడేవాడి భావం మారే తీరు కూడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి పాప దగ్గర చెయ్యి ఆగుతుంది. ఐదో పాప దగ్గరికి వచ్చేసరికి చంపేవాడికీ కాపాడేవాడికీ కూడా ఆమె ఒక అంకె. పేదపిల్ల కన్నీరు కథల సంకలనంలో పదోసారి వచ్చినప్పుడు మన పాఠకుడికి జరిగేది కూడా ఇదే కాదా?

ఇక 'వాకింగ్ డెడ్' దగ్గర కొంచెం ఆగాలి. రాబర్ట్ కిర్క్‌మన్ బొమ్మల కథల ఆధారంగా కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ సంస్థ 2012లో ఐదు భాగాలుగా విడుదల చేసిన ఆట ఇది. చచ్చినవాళ్లు లేచి మనుషుల్ని కరుస్తుంటారు. ఈ భయానక సామగ్రి చవకబారుదే, దాన్ని గురించి చెప్పవలసింది లేదు. కథానాయకుడు లీ ఎవరెట్ జార్జియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన నల్లజాతి అధ్యాపకుడు. భార్యతో సంబంధం పెట్టుకున్నవాడిని చంపిన నేరానికి బేడీలతో పోలీసు కారులో పోతుంటాడు. కారు బోల్తాపడుతుంది. ప్రాణాలు అరచేత పెట్టుకుని చేరిన ఇంట్లో చెట్టు మీది బొమ్మరింటిలో దాక్కున్న ఎనిమిదేళ్ల పిల్ల కనిపిస్తుంది. పేరు క్లెమెంటైన్. తల్లిదండ్రులు సవానా వెళ్లారు, రాలేదు. అక్కడి నుంచి ఆ పిల్ల లీ బాధ్యత, అంటే ఆడేవాడి బాధ్యత.

ఆటను మెచ్చుకున్నవాళ్లంతా క్లెమెంటైన్ గురించి రాశారు. నాకు మాత్రం ఆ బృందంలోని రెండో పిల్లవాడి పాత్ర చిత్రణ ఎక్కువ బోధ చేసింది. అతని పేరు డక్. జాలరి కెన్నీ కొడుకు. డక్‌ను ఎవరూ ఇష్టపడరు. గోలచేస్తాడు, మందబుద్ధిలా కనిపిస్తాడు, పెద్దలు దాక్కున్న చోట నోరు మూసుకోడు. మొదటి భాగంలో అతని అల్లరివల్లే ట్రాక్టరు కింద షాన్ అనే యువకుడి కాలు ఇరుక్కుంటుంది. చచ్చినవాళ్లు మీదపడతారు. డక్‌ను లాగాలా, షాన్‌ను లాగాలా అని ఆట మనల్ని అడుగుతుంది. ఎవరిని లాగినా చచ్చేది షాన్. ఒక మంచివాడు పోయి ఈ కుర్రవాడు మిగిలాడన్న కసి ఆడేవాడిలో ఉండిపోతుంది. రచయితలు దాన్ని కావాలనే ఉంచారని నా నమ్మకం.

మూడో భాగంలో బృందం దాచుకున్న సామాన్లు మాయమవుతుంటాయి. లీ ఆరా తియ్యటం మొదలుపెడతాడు. డక్ వెంటపడతాడు. తాను అపరాధ పరిశోధకుడి సహాయకుడినంటాడు, ఆనవాళ్లు వెతుకుతాడు, ఏదో దొరకగానే అరచేతికి అరచెయ్యి కొట్టమని చెయ్యి చాస్తాడు. కొట్టటమా మానటమా మన ఇష్టం. కథకు దానివల్ల ఏమీ ఒరగదు. మా మేనల్లుడు ఇక్కడ నవ్వి, "కొట్టు మావయ్యా, పాపం" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాటలో అప్పటిదాకా లేనిది వచ్చి చేరింది. మరికొంతసేపటికి డక్‌కు కాటు పడిందని తెలుస్తుంది. రైలులో తల్లి ఒళ్లో వాడిపోతాడు. రైలు ఆగినచోట తల్లి తనను తాను కాల్చుకుంటుంది. ఆ తరవాత పిల్లవాడిని శవమై లేవకుండా చెయ్యవలసిన పని మిగులుతుంది. తండ్రి చెయ్యాలా, లీ చెయ్యాలా? లీ చేస్తానంటే గురిని ఆ ముఖం మీదికి జరపవలసింది ఆడేవాడే.

ఈ ఘట్టాన్ని నేను ముందు యూట్యూబులో చూశాను. జాలి కలిగింది, అంతే. తరవాత ఆడినప్పుడు చెయ్యి కదలలేదు. చూసినప్పుడు డక్ ఒక పాత్ర. ఆడినప్పుడు నేను విసుక్కున్న పిల్లవాడు. నలభైమంది పిల్లలున్న తరగతిలో పంతులుకు ఒకరిద్దరి మీద విసుగు ఉంటుంది. ఆ పిల్లవాడు నాలుగు రోజులు బడికి రాకపోతే ఆ విసుగు ఏమవుతుందో పంతుళ్లందరికీ తెలుసు. విసుగు పోయి ప్రేమ రావటం కాదు ఇది. విసుగే ప్రేమకు పునాది అవుతుంది, ఎందుకంటే విసుక్కోవటానికి కూడా ఆ పిల్లవాడితో కొంతకాలం మసలి ఉండాలి. ముద్దులొలికే పిల్లల్ని సృష్టించి చంపేసే రచయితలు ఈ సంగతి పట్టించుకోరు.

క్లెమెంటైన్ విషయంలో శిల్పం వేరు. లీ ఆమె ముందు అబద్ధమాడినా, కోపంతో ఒకడిని కొట్టినా, తెర మూల ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది. క్లెమెంటైన్ దీన్ని గుర్తుంచుకుంటుందని దాని సారాంశం. అంతవరకూ ఆడేవాడు పిల్లను చూస్తున్నాడు, ఇప్పుడు పిల్ల ఆడేవాడిని చూస్తున్నది. రక్షణ వస్తువు సాక్షిగా మారింది. రెండో భాగం చివర దారిలో ఆగివున్న కారులో తిండి దొరుకుతుంది. ఎవరిదో తెలియదు. బృందం ఆకలితో ఉంది, దోచుకుంటారు. క్లెమెంటైన్‌కు అది నచ్చదు. చివరికి ఆ కారు యజమానే ఆమెను ఎత్తుకుపోయి, లీ చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా ఏకరువు పెడతాడు. మూడో భాగంలోనే రైలులో ఒక ముసలి దేశదిమ్మరి హెచ్చరిక మీద లీ ఆమెకు తుపాకి పట్టటం నేర్పుతాడు, ఎవరూ పట్టుకు లాగకుండా జుట్టు పొట్టిగా కత్తిరిస్తాడు. ఆడపిల్ల జుట్టు కత్తిరించే ఆ నిమిషం తుపాకి ఘట్టం కన్నా బరువైనది. ఐదో భాగంలో కాటుపడిన లీ బేడీలతో గోడకు చిక్కుకుని ఉంటాడు. తనను కాల్చి పొమ్మనాలో, అలాగే వదిలి పొమ్మనాలో ఆడేవాడు చెప్పాలి. చెయ్యవలసింది ఆ పిల్ల.

ఇక్కడ ఒక సిద్ధాంత సమస్య ఉంది. భట్టనాయకుడి సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం కావ్యంలోని భావం 'నాది', 'అతనిది' అన్న సంబంధం విడిచిపెడితేనే ఆస్వాద్యమవుతుంది. ఆటలో ఆ సంబంధం విడవదు. అది 'నాది'గానే ఉంటుంది. ద్రౌపది సభలో ఏడిస్తే పాఠకుడికి కోపం వస్తుంది, దుఃఖం వస్తుంది, కాని నేను చేశానన్న అపరాధభావం రాదు. ఆటలో వస్తుంది. ఇది కొత్త భావం. దీన్ని రసమనాలా, రసాభాస అనాలా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. నన్ను కలవరపెట్టేది మరొకటి. చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా!' చదివినవాడు బడి మానవలసివచ్చిన ఆ కుర్రవాడి కోసం ఏమీ చెయ్యలేడు. చెయ్యలేడు కనకనే అతని ప్రశ్న కథ దాటి బయటికి పోతుంది. ఈ పిల్లవాడి చేత బడి మాన్పించింది ఎవరు, ఏ వ్యవస్థ? ఆటలో ఆ ప్రశ్నకు జాగా తక్కువ. నేను ఏ బొత్తం నొక్కి ఉండవలసింది అని ఆడేవాడు ఆలోచిస్తాడు. ఒక్కొక్క భాగం ముగియగానే తక్కిన ఆటగాళ్లలో నూటికి ఎందరు నీలాగే నిర్ణయించారో ఆట అంకెలతో చూపిస్తుంది కూడా. సామాజికమైన దుఃఖం వ్యక్తి మార్కుల జాబితాగా మారిపోతుంది. చేతికి పని ఇచ్చిన కళ, పని చేతికే పరిమితమని నమ్మించగలదు.

పని ఇవ్వటం కూడా తెలిసి చెయ్యాలి. పారిస్‌లో తయారై 2010లో వచ్చిన 'హెవీ రెయిన్'లో జనం కిక్కిరిసిన బజారులో తండ్రి చేతి నుంచి కొడుకు జేసన్ తప్పిపోతాడు. బొత్తం నొక్కినప్పుడల్లా తండ్రి "జేసన్!" అని అరుస్తాడు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు, ఒకే తీరున. కొద్దిరోజుల్లోనే అది ఆటగాళ్లందరి నోటా హాస్యమైంది. ఇకోలోనూ బొత్తమే, ఇక్కడా బొత్తమే. అక్కడ వేలు తీస్తే ఏదో పోతుంది. ఇక్కడ నొక్కినా నొక్కకపోయినా ఒకటే.

2013 నాటి 'లాస్ట్ ఆఫ్ అజ్' గురించి ఇప్పటికే చాలామంది రాశారు, టెలివిజన్‌లోనూ వచ్చింది. కూతుర్ని పోగొట్టుకున్న జోయెల్ ఇరవై ఏళ్ల తరవాత ఎల్లీ అనే పద్నాలుగేళ్ల పిల్లను సరుకులా దేశం ఆ కొస నుంచి ఈ కొసకు చేరవెయ్యటానికి ఒప్పుకుంటాడు. దారిలో సరుకు కూతురవుతుంది. ఆమె మెదడు నుంచి మహమ్మారికి మందు తియ్యవచ్చని, ఆమె మాత్రం బతకదని తెలిసినప్పుడు అతను ఆసుపత్రిలో అడ్డువచ్చినవాళ్లను చంపి ఆమెను ఎత్తుకుపోతాడు. ఆ హత్యలు ఆడేవాడి చేతే చేయిస్తుంది ఆట, వేరే దారి ఇవ్వదు. పన్నెండు గంటలకు పైగా పెంచిన వాత్సల్యం ఎంత సులభంగా ఆస్తి హక్కుగా మారుతుందో చూపించటంలో ఇది నిజాయితీగల రచన. ఎల్లీ ఇష్టాన్ని ఎవరూ అడగరు. 2020లో వచ్చిన రెండో భాగంలో ఆ చంపబడ్డ వైద్యుడి కూతురు ఎబీ చేతిలో జోయెల్ చస్తాడు, కొంతసేపు ఆ ఎబీగానే మనం ఆడాలి. ఎందరో ఆటగాళ్లు దీనికి మండిపడ్డారు. తమ పిల్లను కాపాడుకోవటానికి చంపినవాడికి కూడా ఒక పిల్ల ఉంటుందన్న సంగతి వాళ్లకు రుచించలేదు.

ఈ ఆటల్లో తల్లులు ఎక్కడ? ఇది ప్రక్క మాటే అయినా అడగక తప్పదు. 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్' తల్లి చితితో మొదలవుతుంది, తరవాత అంతా తండ్రీకొడుకుల ప్రయాణమే. జోయెల్ ఇంట్లో తల్లి కనిపించదు. క్లెమెంటైన్ తల్లి ఫోను యంత్రంలో గొంతుగా వినిపిస్తుంది. కుర్రవాళ్లుగా తుపాకి ఆటలు చేసినవాళ్లు తండ్రులయ్యారు, వాళ్లకు బిడ్డల్ని పెంచటం ఒక సాహసకృత్యంగా కనిపించింది. తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్లు కథ మొదలయ్యేలోపే చచ్చిపోవలసివచ్చింది. ఫ్రాన్సులో 2019లో తయారైన 'ప్లేగ్ టేల్' ఐదేళ్ల తమ్ముడిని అక్క చేతిలో పెట్టి కొంత నయమనిపించింది.

వీటన్నిటికీ భిన్నమైనది పోలండులో 11 బిట్ స్టూడియోస్ 2014లో చేసిన 'దిస్ వార్ ఆఫ్ మైన్'. 1992 నుంచి 1996 దాకా సాగిన సారాయెవో ముట్టడి దీనికి ప్రేరణ. ఇందులో మనం సైనికులం కాదు, కూలిన ఇంట్లో తలదాచుకున్న పౌరులం. పగలు పొయ్యి చేసుకోవాలి, నీళ్లు పట్టాలి, రాత్రి ఎక్కడో దొంగతనం చేసైనా తిండి తేవాలి. 2016లో దీనికి పిల్లల పాత్రలు చేర్చారు. ఆ పిల్లవాడు దేనికీ పనికిరాడు. తింటాడు, చలికి వణుకుతాడు, ఒక మూల కూర్చుంటాడు. పెద్దలు మాట్లాడాలి, బొమ్మ చేసి ఇవ్వాలి. ఓపిగ్గా నేర్పితే చిన్న పనులు చేస్తాడు. అతను ప్రపంచాన్ని రక్షించే మందు కాదు, ఎవరి నేరానికీ సాక్షి కాదు. ఉన్న రెండు డబ్బాల తిండిలో ఒకటి అతనికి పోతుంది, అంతే. ఆడేవాడికి మొదట కలిగేది మళ్లీ ఆ పాత విసుగే. కాని ఇక్కడ విసుగు పిల్లవాడి మీద నిలవక యుద్ధం మీదికి మళ్లుతుంది, ఎందుకంటే సరైన బొత్తమంటూ ఏదీ లేదు. ఏది నొక్కినా ఇంకొక ఇంట్లో ముసలివాళ్ల తిండి తగ్గుతుంది. చాసో కథలో ఉన్న ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ఆట నాకు తెలిసినంతలో ఇదే. 2020లో పోలండు ప్రభుత్వం దీన్ని పాఠశాలల పఠన జాబితాలో చేర్చనున్నట్లు ప్రకటించింది.

క్లెమెంటైన్ కథ లీ చావుతో ఆగలేదు. 2013 చివర మొదలైన రెండో ఆటలో ఆడేవాడు క్లెమెంటైనే అవుతాడు. ఆమెకిప్పుడు పదకొండేళ్లు. చేతి మీది కుక్కకాటును తానే సూదీదారంతో కుట్టుకుంటుంది. అప్పటిదాకా వంగి చూసిన ముఖాల్ని ఇప్పుడు తలెత్తి చూడాలి. పెద్దల పోట్లాటల్లో తీర్పు చెప్పమని ఈ పిల్లనే అడుగుతుంటారు, ప్రమాదమున్న చోటికి ఈమెనే పంపుతారు. కథనంలో ఇది లోపమే, కాని బాలకార్మికుల దేశంలో కూర్చుని చూసేవాడికి అంత అసహజంగా తోచదు. మూడో ఆటలో ఆమె పరాయిదై, దూరం నుంచి అనుమానంగా కనిపిస్తుంది. 2018లో మొదలైన చివరి ఆటలో ఆమె ఒక యువతి, ఏజే అనే చిన్నవాడిని పెంచుతుంటుంది. లీ నేర్పినవన్నీ ఇప్పుడు ఆమె నేర్పాలి. మొదటి భాగం చివర, లొంగిపోయిన మనిషిని ఏజే వెనక నుంచి కాల్చి చంపుతాడు. అతను చేసింది నేర్చుకున్న పాఠమే. పెంచటమంటే కాపాడటమేనని నమ్మి వచ్చిన ఆడేవాడి భావం అక్కడ మరోసారి మారుతుంది. నేను కాపాడిన పిల్ల పెంచిన పిల్లవాడు హంతకుడు.

ఆ భాగం వచ్చింది 2018 ఆగస్టులో. సెప్టెంబరు 21న టెల్‌టేల్ సంస్థ మూతపడటం మొదలైంది. సుమారు 250 మందిని ఒక్కరోజున పంపేశారు, 25 మందిని మాత్రం ఉంచుకున్నారు. వెళ్లినవాళ్లకు పరిహారం కూడా ఇవ్వలేదు. నాలుగు రోజులకు రెండో భాగం విడుదలైంది. ఆటగాళ్ల లోకంలో పెద్ద అలజడి రేగింది. క్లెమెంటైన్ కథ సగంలో ఆగిపోకూడదని ఎందరో కోరారు. ముందు ఆ పనివాళ్లకు రావలసింది ఇవ్వండి, ఆట సంగతి తరవాత చూడవచ్చునని మరికొందరు అన్నారు. ఈ రెండో గొంతు చిన్నదే. కాని ఆరేళ్లపాటు ఒక పిల్ల బొమ్మ మీద పెంచుకున్న ప్రేమ ఆ బొమ్మను గీసిన చేతులవైపు తిరిగిన సందర్భం అది. కిర్క్‌మన్‌కు చెందిన స్కైబౌండ్ సంస్థ మిగిలిన పనిని తీసుకుని, పాతవాళ్లలో కొందరిని పిలిచి పూర్తిచేయించింది. మూడో భాగం 2019 జనవరిలోనూ, నాలుగోది మార్చిలోనూ వచ్చాయి. ఆ చివరి భాగంలో కాటుపడిన క్లెమెంటైన్ ఒక కొట్టంలో గోడకు ఆని కూర్చుంటుంది. లీ ఆమెకు ఇచ్చిన రెండు దారుల్నే ఆమె ఏజేకు ఇవ్వాలి. ఆ చిన్నవాడు గొడ్డలి ఎత్తుతాడు, తెర చీకటవుతుంది. ఏజే నరికింది ఆమె కాలినే. ఆమె బతుకుతుంది, చంకకర్రల మీద నడుస్తుంది. లీ ఆమెకు నేర్పని పని అది.